ఎస్సార్‌లో రాయని రెండేళ్లు

ఒరేయ్,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "పొద్దున వెళ్తావు, సాయంత్రం వస్తావు, అసలు ఆ ఆఫీసులో కూర్చుని ఏం చేస్తావురా?" అన్నావు. ఈలోగా ఎవరో ఫైలు కోసం పిలిచారు, పెట్టేశాను. కానీ నీ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ మధ్యలో ఆగిపోతుంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. పొడుగవుతుంది, తీరిగ్గా చదువు. మీ నాన్నగారి సర్వే అర్జీ సంగతి కూడా చివర్లో రాస్తాను.

జూనియర్ అసిస్టెంటుగా చేరిన మొదటి ఏడాది నాకు తపాలు సీటు ఇచ్చారు. బయటినుంచి వచ్చే ఏ కాగితాన్నైనా మా దగ్గర తపాలు అనే అంటారు, పోస్టులో వచ్చినా సరే, మనిషి వచ్చి చేతికిచ్చినా సరే. దాని మీద తేదీ ముద్ర వేయాలి. ఏ సెక్షన్‌కి వెళ్లాలో పైవాళ్లు చూసి రాశాక డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్‌లో ఎక్కించి నంబరు వేయాలి. అక్కడినుంచి దాని పేరు 'కరెంటు'. సెక్షన్‌లో ఆ సీటు చూసేవాళ్లు దాన్ని తమ పర్సనల్ రిజిస్టర్‌లో రాసుకుంటారు. జనవరి ఒకటిన కొత్త రిజిస్టర్ తెరిచి నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. పోయిన ఏడాది తెగనివన్నీ పేరుపేరునా కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలి.

దీన్ని టాటెన్‌హామ్ సిస్టమ్ అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది. మన జిల్లా ఆఫీసుల పని చాలావరకు ఇంకా దాని మీదే నడుస్తోంది. ఇందులో ఫైలుకి రెండు భాగాలు ఉంటాయి. వచ్చిన కాగితాలూ, మేం పంపిన జవాబులూ కరెంట్ ఫైల్‌లో. వాటి మీద మేం ఏమనుకున్నామో నోట్ ఫైల్‌లో. నాకు ఈ నోట్ ఫైల్ అంటే చాలా గౌరవం రా. మొదటి పేరా సీటువాడిదే. అడిగిందేమిటి, రూలు ఏం చెబుతోంది, ఇంతకు ముందు ఇలాంటిది వస్తే ఏం చేశారు, ఇప్పుడేం చేయవచ్చు, అన్నీ రాసి ఫైలు పుటప్ చేయాలి, అంటే పైవాళ్ల ముందు పెట్టాలి. దాని కింద సూపరింటెండెంట్ గారు రాస్తారు, ఆ కింద ఆఫీసరు గారు. నిర్ణయం ఆయనదే. కానీ రోజంతా మీటింగుల్లో తిరిగి పొద్దుపోయాక ఫైళ్లు ముందేసుకున్న మనిషి ముందుగా చదివేది నా పేరానే. నేను ఒక కాగితానికి ఫ్లాగ్, అంటే గుర్తు చీటీ, పెట్టడం మర్చిపోతే ఆయన దృష్టిలో ఆ కాగితం లేనట్టే.

చేరిన మూడో నెలలో ఒక తప్పు చేశాను. ఒకాయన తెల్లకాగితం మీద రెండు పేజీలు రాసి ఇచ్చాడు. మామూలు అర్జీ అనుకుని మామూలు నంబరు వేసి పంపేశాను. సమాచార హక్కు చట్టం కింద అడుగుతున్నానని ఆయన ఆఖరి వాక్యంలో రాశాడు. అంతవరకూ నేను చదవలేదు. 2005 చట్టం ప్రకారం అలాంటి దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబు వెళ్లాలి. సమాచారం వేరే ఆఫీసు దగ్గర ఉంటే 6(3) సెక్షన్ కింద 5 రోజుల్లోపు అక్కడికి బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారుడికి చెప్పాలి. ఆయన అడిగింది సరిగ్గా వేరే ఆఫీసు కాగితాలే. పంతొమ్మిదో రోజున మా సూపరింటెండెంట్ మేడమ్ కంట పడింది. ఆవిడ కేకలేయలేదు. చట్టం పుస్తకం తెచ్చి 20వ సెక్షన్ నాచేత పైకి చదివించారు. ఆలస్యానికి రోజుకి 250 రూపాయలు, మొత్తం 25,000 మించకుండా జరిమానా. అది పడేది పౌర సమాచార అధికారి మీద, అంటే ఆవిడ మీద. తప్పు చేసింది నేను. ఆ సాయంత్రమే బదిలీ ఉత్తరం పంపాం. జరిమానా దాకా పోలేదు. కానీ పంతొమ్మిది రోజులు ఆ మనిషి పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూసి ఉంటాడు కదా, ఆ ఆలోచన ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటినుంచి ప్రతి కాగితాన్నీ ఆఖరి అక్షరం దాకా చదివాకే ముద్ర వేస్తున్నాను.

ఈ ఏడాది నన్ను ఎస్టాబ్లిష్‌మెంట్ సీటుకి, అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే సీటుకి మార్చారు. ఆఫీసులో వాళ్ల సర్వీస్ రిజిస్టర్లన్నీ, ఎస్సార్లు అంటాం, నా బీరువాలోనే. ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా అందులో ఉంటుంది. పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. పుట్టుమచ్చలు, ఇంక్రిమెంట్లు, సెలవులు అన్నీ ఉంటాయి. జనవరి ఒకటిన 15, జూలై ఒకటిన 15 ఆర్జిత సెలవులు జమ వేయాలి, నిల్వ 300 దాటకూడదు. వీటన్నిటితో పాటు ఏటా ఒక వాక్యం రాయాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈయన పనిచేసినట్టు బిల్లులతో సరిచూశాం అని రాసి, ఆఫీసరు గారి సంతకం పెట్టించాలి. చూడ్డానికి చిన్న వాక్యమే. దాని బరువు నాకు ఈ మధ్యే తెలిసింది.

మా ఆఫీసులో ఒక అటెండర్ ఉన్నాడు. ఇప్పుడు ఆ పోస్టుని ఆఫీస్ సబార్డినేట్ అంటున్నారు, మేమంతా బాబాయ్ అనే పిలుస్తాం. కొద్ది నెలల్లో రిటైరవుతాడు. పెన్షన్ ప్రతిపాదనలు తయారుచేద్దామని ఎస్సార్ తీస్తే 1996 ఏప్రిల్ నుంచి 1998 మార్చి వరకు ఆ వాక్యం లేదు. రెండేళ్లు ఖాళీ. అప్పుడాయన వేరే ఆఫీసులో ఉన్నాడు. ఆ రెండేళ్లూ పనిచేశాడని అందరికీ తెలుసు, కాగితానికే తెలియదు. ముప్పై ఏళ్లుగా అందరి ఫైళ్లూ మోసిన మనిషి కదా, సొంత ఫైలు దగ్గర మాత్రం ఏం చేయాలో తెలియక నా కుర్చీ పక్కన నిలబడిపోయాడు.

మేడమ్ ఉత్తరం రాసిస్తే పట్టుకుని ఆ పాత ఆఫీసుకి వెళ్లాను. రికార్డ్ రూమ్‌లో గుడ్డలో కట్టిన కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి. కొన్నిటి మీద చీటీలు ఊడిపోయాయి. అక్కడి రికార్డ్ అసిస్టెంట్ ఓపికమంతుడు, నిచ్చెన వేసి ఒక్కొక్కటే దించి ఇచ్చాడు. మూడోరోజు మధ్యాహ్నానికి ఆ రెండేళ్ల జీతం బిల్లుల ఆఫీసు కాపీలు, జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టే అక్విటెన్సులు దొరికాయి. నెలకొకటి చొప్పున ఆయన సంతకాలు లెక్కపెట్టాను. ఇరవై మూడు ఉన్నాయి. ఒక నెల లేదు! మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను, అయినా ఇరవై మూడే.

అప్పుడు ఆ నెల బిల్లు తీసి వెలుతురులో పెట్టి చూశాను. బాబాయ్ పేరుకి ఎదురుగా మార్జిన్‌లో, సన్నటి అక్షరాలతో, నీలం సిరాతో ఒక ముక్క ఉంది. "సెలవు మంజూరు కాలేదు. జీతం నిలుపుదల. వచ్చే నెల అనుబంధ బిల్లు చూడగలరు." కింద పొట్టి సంతకం, తేదీ. అనుబంధ బిల్లు తీస్తే ఇరవై నాలుగో సంతకం అందులో ఉంది.

ఆ రాసినవాళ్లు ఎవరో రా? ఆడో మగో కూడా తెలియదు. ఆ ముక్క రాయమని వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. బిల్లు పాసైపోతుంది, జీతం ఇచ్చేస్తారు, అక్కడితో పని అయిపోయినట్టే. అయినా ముందుముందు ఎవరో ఒకరు ఈ ఖాళీ చూసి తికమకపడతారని ఊహించి చెయ్యి చాచినట్టు రాసిపెట్టారు. ఆ కట్టల మధ్య కూర్చుని ఆ మూడు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానో. నువ్వడిగావు కదా ఏం చేస్తావని, నేను చేయాలనుకుంటున్నది అదే.

జిరాక్సులు తెచ్చి బాబాయ్‌కి చూపించాను. ఇరవై నాలుగు నెలలు ఆయన వరసగా తిరగేసి, "అప్పట్లో సంతకం కింద గీత గీసేవాణ్ణి బాబూ, ఎప్పుడు మానేశానో" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ ఆఫీసు వాళ్లు బిల్లులతో సరిచూసి ధ్రువీకరణ ఇచ్చారు, ఎస్సార్‌లో ఎక్కించాం, ప్రతిపాదనలు పోయిన వారమే వెళ్లాయి.

దీనివల్ల నాలో ఒక మార్పు వచ్చింది. ఫైలు ముగించేటప్పుడు దాన్ని ఎన్నాళ్లు దాచాలో ఒక అక్షరంతో రాస్తాం. ఎల్.డిస్. అంటే ఏడాది, డి.డిస్. అంటే పదేళ్లు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. ఇదివరకు పక్కవాళ్లు ఏది రాస్తే అదే రాసేవాణ్ణి. ఇప్పుడు ఆ అక్షరం దగ్గర పెన్ను ఆపి, ఈ కాగితం ఎప్పటికైనా ఎవరికైనా కావాలా అని ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు ఈ-ఆఫీస్ వచ్చింది. చిత్తు నోట్ పసుప్పచ్చగా ఉంటుంది, దిద్దుకోవచ్చు. ఆకుపచ్చ నోట్‌గా మారి పైకి వెళ్లాక ఒక్క అక్షరం కదలదు. ఫైలు ఎవరి దగ్గర ఉందో అందులో కనిపిస్తుంది. పోయింది, దొరకలేదు అనే మాటకి తావులేదు. నాకు ఇది నిజంగా నచ్చింది. అయితే పాత ఎస్సార్లలో ఖాళీలు ఏ కంప్యూటరూ నింపలేదు, మనిషి వెళ్లి కట్ట విప్పాల్సిందే. అందుకని రిటైర్మెంట్ దాకా ఆగకుండా, రోజుకి ఒక ఎస్సార్ చొప్పున తీసి చూస్తున్నాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి, మూడింట్లో ఖాళీలు దొరికాయి. ఆ మనుషులు ఇంకా ఉద్యోగంలో ఉండగానే సరిచేసేయొచ్చు. సాయంత్రాలు అకౌంట్ టెస్ట్ అనే డిపార్ట్‌మెంట్ పరీక్షకి చదువుతున్నాను కాబట్టి ఉత్తరాలు ఆలస్యమైతే ఏమనుకోకు.

ఇక మీ నాన్నగారి అర్జీ. ఎనిమిది నెలలైందన్నావు. ఆయన్ని మళ్లీ కొత్త అర్జీ ఇవ్వనివ్వకు. కొత్త నంబరు పడితే పాతదీ కొత్తదీ వేరువేరు సీట్లలో తిరుగుతాయి. అర్జీ ఇచ్చిన రోజు ముద్ర వేసి ఇచ్చిన రసీదు ఆయన దగ్గర ఉండే ఉంటుంది, పాత పాస్‌బుక్‌లోనో దస్తావేజుల మధ్యలోనో వెతికించు. సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లేలోగా దాని ఫొటో తీసి నాకు పంపు. ముద్ర, తేదీ, నంబరు మూడూ స్పష్టంగా పడాలి. నంబరు మసకబారి ఉంటే వెలుతురులో పెట్టి తియ్యి.

నీ
మిత్రుడు