షత్ అల్ అరబ్ ఒప్పందం గురించి స్నేహితుడికి ఒక ఉత్తరం

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. చివర రెండు వాక్యాల్లో అడిగి వదిలేసిన ప్రశ్నే అందులో నాకు అన్నిటికంటే నచ్చింది. ఇరుగుపొరుగు దేశాలు ఒక నది దగ్గర సరిహద్దు కోసం తగాదా పడుతుంటే, ఆ నదితో ఏ సంబంధమూ లేని మూడో దేశం మధ్యలోకి వచ్చి అసలు చేసేదేమిటని, ఇద్దరినీ బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టి ఫొటో తీయించడం కాక ఇంకేమైనా ఉంటుందా అని అడిగావు. సిద్ధాంతం చెప్పడం నా వల్ల కాదు గానీ, ఒక్క ఉదాహరణను మాత్రం కాస్త వివరంగా చెప్పగలను. అది 1975 మార్చిలో ఇరాన్, ఇరాక్‌ల మధ్య షత్ అల్ అరబ్ నది విషయంలో అల్జీరియా అధ్యక్షుడు హువారీ బూమెదియన్ కుదిర్చిన ఒప్పందం. అయిదేళ్ళకే అది మహా యుద్ధంలో మునిగిపోయింది. అయినా నేటికీ ఆ నది గురించి ఆ రెండు దేశాలు మాట్లాడుకోవలసి వస్తే ఆ కాగితం దగ్గరికే వస్తున్నాయి.

ముందు నది సంగతి చెప్పాలి. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు ఇరాక్‌లోని అల్ ఖుర్నా దగ్గర కలిసి, అక్కడినుంచి సుమారు 200 కిలోమీటర్లు ఒకే ప్రవాహంగా సాగి సముద్రంలో కలుస్తాయి. ఆ ప్రవాహాన్ని అరబ్బులు షత్ అల్ అరబ్ అనీ, ఇరానీయులు అర్వంద్ రూద్ అనీ పిలుస్తారు. పై భాగమంతా ఇరాక్‌దే. ఇరాన్ నుంచి వచ్చే కారూన్ నది కలిసే ఖొర్రంషహర్ సమీపం నుంచి సముద్రం దాకా ఉన్న దిగువ భాగం మాత్రమే రెండు దేశాలకూ సరిహద్దు. ఆ కొద్ది దూరంలోనే ఇరాన్ వైపు గట్టున ఖొర్రంషహర్ రేవూ, 1912లో మొదలైన అబాదాన్ చమురు శుద్ధి కర్మాగారమూ ఉన్నాయి. ఇరాక్‌కు ఉన్న సముద్ర తీరమే బహు స్వల్పం కనుక, బస్రా రేవుకు ఓడ చేరాలంటే ఈ నదే దారి.

రెండు దేశాల మధ్య ఓడలు తిరిగే నది ఉంటే, సరిహద్దును నడిమి కాలువ వెంబడి, అంటే ఓడలు నడిచే లోతైన పాయ మధ్యగా గీయడం సాధారణంగా పాటించే పద్ధతి. దాన్నే థాల్వెగ్ రేఖ అంటారు. ఇక్కడ అలా జరగలేదు. 1847లో బ్రిటన్, రష్యాల మధ్యవర్తిత్వంతో అప్పట్లో ఇరాక్ ప్రాంతాన్ని ఏలుతున్న ఒట్టోమన్ సామ్రాజ్యమూ, పర్షియా (అంటే నేటి ఇరాన్) కుదుర్చుకున్న ఎర్జురూం సంధి ప్రకారం తూర్పు గట్టు, దాని మీది ఊళ్ళు పర్షియాకు దక్కాయి కానీ, నీళ్ళు మాత్రం ఒట్టోమన్ల చేతిలోనే ఉండిపోయాయి. 1913 నాటి కాన్‌స్టాంటినోపుల్ ఒడంబడికా, 1914లో సరిహద్దు సంఘం చేసిన హద్దుల నిర్ణయమూ కొంత సవరణతో ఆ ఏర్పాటునే ఖాయం చేశాయి. ఒట్టోమన్ల తరువాత ఆ హక్కు ఇరాక్‌కు సంక్రమించింది. 1937 ఒప్పందంలో అబాదాన్ ఎదురుగా కొన్ని కిలోమీటర్ల మేర మాత్రం రేఖను నది మధ్యకు జరిపారు. మిగతా చోట్ల ఇరానీ ఓడ తన గట్టు దాటి నీళ్ళలోకి దిగితే పొరుగు దేశంలోకి వెళ్ళినట్లే. గమనించావా, ఆ 1847 మధ్యవర్తులిద్దరూ తటస్థులు కారు. ఇద్దరికీ ఆ ప్రాంతంలో సొంత లెక్కలున్నాయి. ఇరాన్ ఆ గీతను మనసారా ఒప్పుకోకపోవడానికి అదొక కారణమని నేననుకుంటాను.

1969 ఏప్రిల్‌లో ఇరాన్ రాజు షా 1937 ఒప్పందం ఇక చెల్లదని ప్రకటించి, తన జెండా ఎగురవేసిన ఓడను యుద్ధనౌకల రక్షణలో ఆ నదిలో నడిపించాడు. ఇరాక్ చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. తరువాతి అయిదేళ్ళూ సరిహద్దు పొడుగునా ఘర్షణలే. 1974లో వ్యవహారం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి చేరినప్పుడు, ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్ద్‌హైమ్ మెక్సికో దౌత్యవేత్త లూయిస్ వెక్‌మన్ మున్యోస్‌ను పరిశీలనకు పంపాడు. ఇరుపక్షాలూ వాడుతున్న పటాలు ఒకదానితో ఒకటి సరిపోవడం లేదని ఆయన పరిశీలనలో తేలింది. ఇద్దరూ తమ తమ పటాల ప్రకారం తమ నేల మీదే నిలబడి ఎదుటివాడిని దురాక్రమణదారు అంటున్నారన్నమాట! ఆ మే నెలలో మండలి చేసిన 348వ తీర్మానం సంయమనం పాటించండి, చర్చలు మొదలుపెట్టండి అని చెప్పింది. అంతకు మించి చెప్పడానికి మండలి దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే ఎవరికి ఏమి ఇస్తే ఎవరు దిగివస్తారన్న సంగతి ఆ తీర్మానంలో రాయగలిగింది కాదు.

ఆ సంగతి నదిలో లేదు, ఉత్తరాన కొండల్లో ఉంది. ముల్లా ముస్తఫా బర్జానీ నాయకత్వంలో అక్కడి కుర్దు జాతివారు ఇరాక్ ప్రభుత్వం మీద తిరుగుబాటు చేస్తున్నారు. వారికి ఆయుధాలూ, డబ్బూ, వెనక్కి తగ్గి తలదాచుకోవడానికి చోటూ ఇస్తున్నది ఇరాన్. అమెరికా కూడా రహస్యంగా చేయి కలిపింది. 1974లో స్వయంప్రతిపత్తి చర్చలు తెగిపోయి యుద్ధం ముదిరేసరికి ఇరాక్ సైన్యం ఊపిరాడని స్థితికి వచ్చింది. మందుగుండు అడుగంటిందని సద్దాం హుస్సేన్ తరువాతి కాలంలో తానే చెప్పుకున్నాడు. షాకు కావలసింది నది మధ్య రేఖ, సద్దాంకు కావలసింది కొండల్లో ప్రశాంతత. ఒకరికి కావలసినది మరొకరి చేతిలో ఉంది, కానీ ముందుగా నోరు తెరిచి అడిగినవాడు బలహీనుడనిపించుకుంటాడు. అక్కడే మధ్యవర్తి అవసరం పడింది.

బూమెదియన్‌నే ఇద్దరూ ఎందుకు నమ్మారంటే, అల్జీరియాకు ఆ నదిలో చుక్క నీటి మీద కూడా ఆశ లేదు, గల్ఫ్‌లో పెత్తనం చేయాలన్న ఉద్దేశమూ లేదు. వలస పాలన మీద పోరాడి గెలిచిన అరబ్ దేశం గనుక బాగ్దాద్‌కు దగ్గర, చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్‌లో సాటి సభ్యదేశం గనుక టెహ్రాన్‌కూ పరాయిది కాదు. అంతకు ముందు మరికొందరు ప్రయత్నించకపోలేదు. 1975 జనవరిలో ఇస్తాంబుల్‌లో ఇరు విదేశాంగ మంత్రులూ కలిశారు, కానీ తేలలేదు. మంత్రులకు ఇచ్చిపుచ్చుకునే అధికారం లేదు, అసలు చిక్కంతా అక్కడే. మార్చి 4 నుంచి 6 దాకా అల్జీర్స్‌లో జరిగిన ఒపెక్ దేశాధినేతల మొదటి సమావేశం ఆ చిక్కును తీర్చింది. షా స్వయంగా వచ్చాడు, ఇరాక్ తరఫున సద్దాం వచ్చాడు. వాళ్ళిద్దరూ కేవలం సరిహద్దు కోసం ఒక పరాయి రాజధానికి వెళ్ళి ఉంటే రెండు దేశాల్లోనూ గుసగుసలు బయలుదేరేవి. చమురు ధరల సమావేశానికి వెళ్ళడంలో ఎవరికీ తప్పు పట్టే వీలు లేదు. బూమెదియన్ సమక్షంలో రెండు దఫాలుగా సుదీర్ఘ చర్చలు జరిగాయి, 6వ తేదీ ముగింపు సభలో ఒప్పందం కుదిరిందని ఆయనే ప్రకటించాడు. సద్దాం, షా ఆలింగనం చేసుకున్నారు. నువ్వు చెప్పిన ఫొటో అదే, కానీ చూశావుగా, అది అన్నిటికన్నా చివర వచ్చింది.

ఉమ్మడి ప్రకటన చాలా చిన్నది. భూమి మీది సరిహద్దును 1913 ఒడంబడిక, 1914 సంఘం నిర్ణయాల ఆధారంగా ఖరారు చేయాలి. నదిలో థాల్వెగ్ రేఖే హద్దు. సరిహద్దు పొడుగునా చొరబాట్లను ఇరుపక్షాలూ పూర్తిగా ఆపాలి. ఈ మూడూ ఒకదాని నుంచి ఒకటి విడదీయరానివి, ఏ ఒక్కటి ఉల్లంఘించినా ఒప్పందం స్ఫూర్తికే భంగం. మన పెద్దలు కుండమార్పిడి పెళ్ళిళ్ళకు ఎందుకు జంకేవారో నీకు తెలుసు కదా, ఒక ఇంట్లో కాపురం చెడితే రెండో ఇంటి కోడలూ పుట్టింటికి రావలసిందే. అల్జీర్స్ ఒప్పందం అచ్చంగా అలాంటిది. నదిని కొండలతో ముడివేయడం వల్లనే అది మూడు రోజుల్లో కుదిరింది, ఆ ముడి వల్లనే దాని ఆయుష్షు రెండు పక్షాల సఖ్యత మీద ఆధారపడింది.

ఆ తరువాత జరిగిన పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నాకైతే అసలు నైపుణ్యం అక్కడే కనబడుతుంది. బూమెదియన్ చేతులు దులుపుకొని వెళ్ళిపోలేదు. ఉమ్మడి సంఘాల సమావేశాల్లో అల్జీరియా ప్రతినిధి కూర్చున్నాడు. జూన్ 13న బాగ్దాద్‌లో ఇరాన్ మంత్రి ఖలత్బరీ, ఇరాక్ మంత్రి సాదూన్ హమ్మాదీ తుది ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడు అల్జీరియా విదేశాంగ మంత్రి అబ్దెలజీజ్ బూతెఫ్లికా అక్కడే ఉన్నాడు. నది ప్రోటోకాల్ రాసినవారికి నది స్వభావం తెలుసు. నీటిమట్టం ఓడలు నడవగల కనీస స్థాయిలో ఉన్నప్పటి ప్రధాన కాలువ మధ్యరేఖే హద్దు అని నిర్వచించారు. ఒండ్రు పేరుకుని కాలువ సహజంగా జరిగితే హద్దూ దానితోపాటు జరుగుతుంది. నది పూర్తిగా కొత్త దారి పట్టి ఒక దేశపు నేల మరో దేశం వైపు పడేటట్లయితే, రెండేళ్ళ లోపల ఏ పక్షం కోరినా ఉమ్మడి ఖర్చుతో నీటిని 1975 నాటి దారికి మళ్ళించాలి. తగువు వస్తే ముందు నేరుగా మాట్లాడుకోవడానికి రెండు నెలలు, తేలకపోతే మిత్రదేశం సహాయం తీసుకోవడానికి మూడు నెలలు, ఆ పైన మధ్యవర్తుల న్యాయస్థానం. కోపం చల్లారడానికి ఎంత కాలం పడుతుందో అంచనా వేసి మరీ రాసినట్లుంటుంది ఆ క్రమం.

ఇందులో నేను క్షమించలేనిది ఒకటుంది. ఒప్పందం ప్రకటించిన వెంటనే ఇరాన్ కుర్దులకు సహాయం ఆపేసింది, సరిహద్దు మూసివేతకు సిద్ధపడింది, బర్జానీ ఉద్యమం కొద్ది వారాల్లో కుప్పకూలి, లక్షకు పైగా జనం శరణార్థులుగా ఇరాన్‌లోకి వెళ్ళవలసి వచ్చింది. నది మధ్యకు జరిగిన ఆ గీతకు వెల చెల్లించింది వాళ్ళు, ఆ గదిలో లేనిదీ వాళ్ళే. మధ్యవర్తి ఎదుట కూర్చున్న ఇద్దరి అవసరాలే చూస్తాడని, అది అతని పనిలోని పరిమితి అని దౌత్యవేత్తలు సమాధానం చెబుతారు. నాకు అది సరిపోదు, నీకు సరిపోతుందేమో రాయి.

1979లో షా దేశం విడిచి వెళ్ళిపోయాడు, ఇస్లామిక్ విప్లవం వచ్చింది, ఇరాక్‌లో సద్దాం అధ్యక్షుడయ్యాడు. బలహీనంగా ఉన్నప్పుడు వదులుకున్న నదిని ఇప్పుడు తిరిగి తీసుకోవచ్చునని ఆయనకు తోచింది. తమకు రావలసిన కొన్ని భూభాగాలను ఇరాన్ అప్పగించలేదనీ, తమ ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటోందనీ ఆరోపించి, విడదీయరాదన్న ఆ షరతునే ఆయుధంగా చేసుకుని, 1980 సెప్టెంబర్ 17న ఒప్పందాన్ని రద్దుచేశానని ప్రకటించాడు. రెండు నెలలూ, మూడు నెలలూ అన్న ఆ క్రమాన్ని ఒక్క మెట్టయినా ఎక్కలేదని ఇరాన్ వాదన, అందులో న్యాయం ఉంది. అయిదు రోజుల తరువాత యుద్ధం మొదలైంది. డెబ్బై దాకా విదేశీ ఓడలు ఆ నదిలో చిక్కుకుపోయాయి. ఐక్యరాజ్యసమితి దూతగా వచ్చిన స్వీడన్ నాయకుడు ఒలోఫ్ పాల్మే వాటినైనా బయటికి తెప్పించాలని చూశాడు గానీ, కాలువ శుభ్రం చేసే ఖర్చు ఎవరు భరించాలన్న చోట, అంటే నది ఎవరిదన్న పాత ప్రశ్న దగ్గరే, అదీ ఆగిపోయింది. అల్జీరియా మళ్ళీ ప్రయత్నించింది. 1982 మే 3న ఆ పని మీద టెహ్రాన్ వెళుతున్న అల్జీరియా విదేశాంగ మంత్రి మొహమ్మద్ సెద్దిక్ బెన్‌యహియా విమానం ఇరాన్, తుర్కియే సరిహద్దు దగ్గర క్షిపణి దెబ్బకు కూలి, ఆయనా తోటివారూ మరణించారు.

యుద్ధం 1988 ఆగస్టులో ఆగింది. ఎనిమిదేళ్ళ తరువాత కూడా గీత ఎక్కడుండాలో తేలలేదు. 1990 ఆగస్టులో కువైట్‌ను ఆక్రమించిన రెండు వారాలకే, వెనుక వైపు ఒక శత్రువు తగ్గాలన్న అవసరం కొద్దీ, సద్దాం ఇరాన్ అధ్యక్షుడు రఫ్సంజానీకి ఉత్తరం రాసి 1975 ఒప్పందాన్ని తిరిగి అంగీకరించాడు. ఈసారి మధ్యవర్తి అక్కరలేకపోయింది, వాక్యాలు ముందే రాసిపెట్టి ఉన్నాయి కనుక. 2019 మార్చిలో అప్పటి ఇరాన్ అధ్యక్షుడు రూహానీ బాగ్దాద్ వచ్చినప్పుడు కూడా ఇరు ప్రభుత్వాలూ ఆ ఒప్పందాన్ని చిత్తశుద్ధితో అమలు చేస్తామనీ, నదిలో పూడిక తీసే పని కలిసి మొదలుపెడతామనీ ఉమ్మడి ప్రకటన చేశాయి.

అందుకే నీ ప్రశ్నకు నా జవాబు ఇలా ఉంటుంది. బూమెదియన్ గీతను కనిపెట్టలేదు, థాల్వెగ్ అందరికీ తెలిసినదే. ఆ గీత ఖరీదు ఎంతో ఇద్దరి తరఫునా తాను చెప్పాడు, అడిగామన్న చిన్నతనం ఎవరికీ అంటకుండా చూశాడు. గీతను కొండలతో ముడివేయకుండా ఉంటే ఒప్పందం ఎక్కువకాలం నిలిచేదని వాదించేవారున్నారు. ముడివేయకపోతే అసలు కుదిరేదే కాదని నా నమ్మకం. నువ్వు న్యాయశాస్త్రం చదివినవాడివి, ఆ విడదీయరాని షరతును నువ్వైతే ఎలా రాసేవాడివో, నది దారి మళ్ళించే ఆ రెండేళ్ళ నిబంధన ఆచరణలో సాధ్యమనుకుంటున్నావో లేదో తీరిక చేసుకుని రాయి.

నీ
మాధవ్