విషయం: వేడి కాఫీకి పూత కరిగిన చెక్క గ్లాసులు – డబ్బు వాపసు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ యాప్ తెలుగులో ఉంది కాబట్టి ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. 'తరిమెన మీద చేత్తో చేసిన అంకుడు గ్లాసులు, సహజమైన లక్క పూత, వేడి పానీయాలకు అనువైనవి' అన్న వివరణ చూసి నాలుగు గ్లాసుల సెట్టు తెప్పించుకున్నాను. (తరిమెన అంటే కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం, అంకుడు ఒక రకం కర్ర.) ఫిల్టర్ కాఫీ పోయగానే లోపలి పూత మెత్తబడి వేలికి అంటుకుంది. ఒక గ్లాసు అడుగున నెర్రె పడి కారుతోంది. ఫొటోలు జతచేశాను.

"చేతిపని వస్తువుల్లో చిన్న తేడాలు సహజం" అని మీవాళ్లు జవాబిచ్చారు. అంచు కాస్త మందంగా ఉండటం, రంగు కాస్త ముదరడం తేడాలు. అవి నాకు ఇష్టమే, స్టీలు గ్లాసులు వదిలి ఇవి కొన్నది అందుకే. కాఫీ పోయలేని కాఫీ గ్లాసు ఏ తేడా కిందికి వస్తుందండీ?

మాది లక్క బొమ్మల ఏటికొప్పాక దగ్గర ఊరు. అక్కడైనా, ఇక్కడ బెంగళూరు దగ్గరి చన్నపట్నలోనైనా తిరుగుతున్న కర్రకు లక్క బద్ద ఆనిస్తారు. రాపిడి వేడికే అది కరిగి పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. రాపిడికే కరిగేది పొగలు కక్కే కాఫీకి ఆగుతుందా? బొమ్మకి, కుంకుమ భరిణెకి బంగారంలాంటి పూత అది. ఈ సంగతి చేసిన మనిషికి తెలియకుండా ఉండదు. 'వేడి పానీయాలకు' అని రాసింది మీ ఆఫీసులో ఎవరో.

నెర్రె పడిన గ్లాసు అడుగున కొమ్మ నడిబొడ్డు (లోపలి బెండు) సరిగ్గా మధ్యలో కనిపిస్తోంది. పచ్చిదనం పోని కొమ్మను అలా తొలిస్తే, ఆరేకొద్దీ అక్కడినుంచే పగులుతుంది. తొందర పెట్టి ఆర్డర్లు ఇస్తే కర్ర ఆరేదాకా ఎవరు ఆగుతారు?

రిటర్న్ ఛార్జీ లేకుండా మొత్తం డబ్బు వాపసు ఇవ్వండి. కూపన్ వద్దు. యాప్‌లో ఆ 'వేడి పానీయాల' మాట తీసేయండి. లోపలి పూతలో ఏమేం కలిపారో, తాగే పాత్రకు అది పనికొస్తుందని పరీక్ష చేయించారో లేదో రాతపూర్వకంగా చెప్పండి. దయచేసి ఈ డబ్బును చేసినవాళ్ల బిల్లులో కోయకండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అప్పటికీ కదలకపోతే బెంగళూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్నవాళ్లు తామున్న చోటే కేసు వేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది.

గ్లాసులు ప్యాక్ చేసి ఉంచాను. పికప్‌కు సాయంత్రం ఆరు తర్వాత పంపండి, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇట్లు,
మారతహళ్లి నుంచి మీ కస్టమర్