కేసింగ్ దించడం ఒక్క ముక్క పని కాదండీ

ఎడిటర్ గారికి,

గత ఆదివారం మీ పేపర్లో గ్యాస్ బావుల మీద వచ్చిన కథనం పెరంబూర్‌లో టీ కొట్టు దగ్గర నిలబడే మొత్తం చదివాను, బాగానే రాశారు, కానీ తవ్వాక పైపులు దించి సిమెంటు వేస్తారని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడే ఒళ్లు మండింది. నర్సాపురం వైపు, ఇటు తమిళనాడులో నరిమణం వైపు రిగ్గుల మీద 22 ఏళ్లు నేను చేసింది ఆ ఒక్క ముక్క పనే.

బావి గోడ కూలకుండా దించే ఉక్కు పైపులనే కేసింగ్ అంటాం. 9 5/8 అంగుళాల కేసింగ్‌లో అడుగుకు 47 పౌండ్ల రకం తీసుకుంటే 40 అడుగుల పైపు ఒక్కటే దాదాపు 850 కిలోలు. అప్పటిదాకా బావిలోకి దించినదాన్నంతా రిగ్గు నేల మీద స్పైడర్ అనే పట్టులోని స్లిప్పులు పళ్లతో కరిచి పట్టుకుంటాయి, కొత్త పైపు ఎలివేటర్‌కి, అంటే పైపుని పట్టి ఎత్తే బిగింపుకి, వేలాడుతూ వస్తుంది, పైన స్టాబింగ్ బోర్డు అనే ఎత్తు బల్ల మీద బెల్టు కట్టుకుని నిలబడ్డవాడు దాన్ని నిటారుగా సర్దితేనే కింద మరలో మర కూర్చుంటుంది. అప్పుడు పవర్ టాంగ్‌తో, అంటే పైపుని పట్టి తిప్పే యంత్రంతో, బిగించాలి. తక్కువైతే లీకు, ఎక్కువైతే మర పాడు. ఒక బావికి ఇలాంటివి వందల కొద్దీ.

ఆ టాంగ్‌కి ఒక తలుపుంటుంది. అది పూర్తిగా మూసుకుంటే తప్ప తిరగకుండా ఇంటర్‌లాక్ ఉంటుంది, ఉండాలి. నేను పనిచేసిన ఒక కాంట్రాక్టరు దగ్గర అది మాటిమాటికీ మొరాయిస్తోందని తీగతో కట్టేశారు. వానలో, రాత్రి షిఫ్టులో మా కుర్రాడొకడు తలుపు తెరిచి అరిగిన డై, అంటే పైపుని కరిచే పళ్ల ముక్క, మార్చబోతుంటే టాంగ్‌ని తిప్పే లీవర్‌కి ఎవరి మోచెయ్యో తగిలింది. రెండు వేళ్లు పోయాయి, గ్లవ్‌లోనే ఉండిపోయాయి. తెల్లారేసరికి ఇంటర్‌లాక్‌కి కొత్త స్ప్రింగు వచ్చింది! నెల రోజులుగా స్టాకు లేదన్నారు మరి.

ఇప్పుడు టాప్ డ్రైవ్‌కి, అంటే రిగ్గులో పైన వేలాడుతూ పైపుని తిప్పే మోటారుకి, తగిలించే కేసింగ్ రన్నింగ్ టూల్ వచ్చింది, పైపుని అదే పట్టుకుని అదే బిగిస్తుంది, మధ్యలో ఇరుక్కుంటే మడ్ అనే తవ్వకపు బురద ద్రవాన్ని పంపు చేస్తూ తిప్పుతూ దించొచ్చు, పైన బోర్డు మీద మనిషితో పనే లేదు. టాప్ డ్రైవ్ లేని పాత రిగ్గులకి మాత్రం టాంగే గతి.

మంటొస్తేనే మీరంతా పరిగెత్తుకొస్తారు, 1995లో పాశర్లపూడి గ్యాస్ బావికి వచ్చినట్టు. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద 11 మంది పోయింది కేసింగ్ దించి సిమెంటు వేశాకే, అంటే మీరు ఒక్క ముక్కలో దాటేసిన పని అయిపోయాకే. ఈసారి మీ విలేకరి రిగ్గుకి వెళ్తే మేనేజర్ గారి ఇంటర్వ్యూతో సరిపెట్టుకోకుండా ప్రతి జాయింటుకీ టార్క్ గ్రాఫ్, అంటే ఎంత బలంతో బిగించారో చూపే గీత, తీశారా అని అడగమనండి. అలాగే అందర్నీ దూరంగా నిలబెట్టి, టాంగ్ తలుపు తెరిచి లీవర్ లాగి చూపించమనండి. తిరగకూడదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టాంగ్ ఆపరేటర్,
పెరంబూర్, చెన్నై