మన షెడ్డులోకి సీఎన్‌సీ రౌటరు తెచ్చే ముందు

నోవై, మిషిగన్

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ వదిన, పిల్లలు క్షేమంగా ఉన్నాము. అక్కడ నాన్నగారు, అమ్మ, మరదలు, పిల్లలు అందరూ కుశలమని తలుస్తాను.

పోయిన ఆదివారం ఫోనులో నువ్వు అడిగిన మాటకు అప్పటికప్పుడు సమాధానం చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. పూజామందిరాల తలుపులకు జాలీలు, గుమ్మం పక్కన పెట్టుకునే పేరు పలకలు కావాలని జనం అడుగుతున్నారనీ, ప్రతిసారీ చెక్కను పొరుగూరు పంపి యంత్రం మీద చెక్కించుకుని రావలసి వస్తోందనీ, మనమే ఒక చిన్న సీఎన్‌సీ రౌటరు, అంటే కంప్యూటరు చెప్పినట్టు కదులుతూ చెక్కను చెక్కే యంత్రం, కొనుక్కుంటే బాగుంటుందనీ, నాన్నగారు మాత్రం ఒప్పుకోవడం లేదనీ చెప్పావు. రెండేళ్లుగా మా ఇంటి బేస్‌మెంటులో అటువంటి చిన్న యంత్రంతో పని చేస్తున్నాను కాబట్టి, నాకు అనుభవంలోకి వచ్చినదంతా నీకు వివరంగా రాయడం నా బాధ్యత. ముందుగా నా అభిప్రాయం చెబుతాను. కొనుక్కో. కానీ చిన్నదే కొనుక్కో, దాన్ని సంపాదన కోసం కాక నేర్చుకోవడం కోసం కొంటున్నానని నాన్నగారికి చెప్పి మరీ కొను.

నేను మొదలుపెట్టింది 3018 అనే రకంతో. ఆ అంకెలోనే దాని కొలత ఉంది: 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు మేర మాత్రమే అది చెక్కగలదు. మందిరం తలుపు జాలీ దాని మీద పట్టదు. ముక్కలుగా చేసి జరుపుతూ చెక్కవచ్చుగాని, కొత్తవాడికి ఆ పని విసుగు తెప్పిస్తుంది. పేరు పలకకు, చిన్న పెట్టె మూతకు, పీట మీద పద్మానికి అది చాలు. చిన్న చిన్న అడుగులుగా తిరిగే మూడు స్టెప్పర్ మోటార్లు, మూడు మరల కడ్డీలు, బిట్టును (కోసే మొనను) పట్టి తిప్పే స్పిండిల్ ఒకటి, వాటిని నడిపే చిన్న బోర్డు ఒకటి, అంతే ఆ యంత్రం. బోర్డులో ఉండే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామును నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఇటువంటి యంత్రాలు ఇళ్లలోకి రావడానికి అది ఒక ముఖ్య కారణం.

మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. ఒక్కొక్క అడుగును బోర్డు మళ్లీ 16 భాగాలు చేస్తుంది. ఒక చుట్టుకు మర 4 మిల్లీమీటర్లు జరిగే యంత్రమైతే, ఒక మిల్లీమీటరుకు 800 అడుగులు పడతాయి. వినడానికి ఎంతో కచ్చితమైన పనిలా అనిపిస్తుంది, కానీ ఇందులో ఒక లోపం ఉంది. ఆ అడుగు నిజంగా పడిందో లేదో చూసుకునే కన్ను ఈ యంత్రానికి లేదు. ఎక్కడైనా తగిలి ఆగిపోయినా, తాను నడిచేశాననే అనుకుని మిగతా పనంతా పక్కకు జరిపి చేసేస్తుంది. ఈ సంగతి నేను అమ్మ పేరు పలక మీద నేర్చుకున్నాను. చక్కని వాల్‌నట్ పలక తెచ్చి, రెండు చివర్లా అది కదలకుండా పట్టి ఉంచే క్లాంపులు బిగించి చెక్కడం మొదలుపెట్టాను. మొదటి రెండు అక్షరాలూ చూడముచ్చటగా వచ్చాయి. ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి వెళ్లేటప్పుడు బిట్టు ఎంత ఎత్తు లేవాలో నేను 3 మిల్లీమీటర్లని ఇచ్చాను, క్లాంపు మర తల అంతకంటే పైకి ఉంది. మూడో అక్షరానికి పోతూ బిట్టు ఆ మరను గుద్దుకుంది, టకటకమని చప్పుడు చేసింది, నేను మీట నొక్కేలోగా మిగతా అక్షరం ఏడు మిల్లీమీటర్లు ఎడమకు జరిగి పడింది. ఆ పలక ఇంకా నా బల్ల మీదే ఉంది. అప్పటినుంచి ఏ పనినైనా మొదట బిట్టును చెక్కకు బాగా పైన ఉంచి గాలిలో నడిపించి చూసిన తరువాతే చెక్క మీదకు దించుతున్నాను. నువ్వు కూడా ఒక్కసారి కూడా దీన్ని మానవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాన్నగారి సహాయం లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దని నేను అనడానికి కారణం గౌరవం ఒక్కటే కాదు. అక్షరాలు చెక్కడానికి వాడే వి-బిట్టు మొన తేలి ఉంటుంది, అది ఎంత లోతుకు దిగితే గీత అంత వెడల్పు అవుతుంది. 90 డిగ్రీల బిట్టుతో 6 మిల్లీమీటర్ల వెడల్పు గీత కావాలంటే 3 మిల్లీమీటర్ల లోతు దిగాలి. అంటే పలక ఒక పక్క అర మిల్లీమీటరు పల్లంగా ఉంటే అక్కడ గీత ఒక మిల్లీమీటరు సన్నబడుతుంది. అర మిల్లీమీటరు తేడా చేతికి తెలియదు, కానీ అక్షరంలో ఆ ఒక మిల్లీమీటరును దూరం నుంచి చూసినవాడు కూడా పట్టేస్తాడు. ఇక్కడ జనవరిలో హీటరు వేడికి ఇంట్లో గాలి బాగా ఎండిపోతుంది. రాత్రి బల్లపరుపుగా ఉన్న పలక తెల్లవారేసరికి దోనెలా వంగి ఉండడం నేను చాలాసార్లు చూశాను. మన గోదావరి పక్కన దీనికి ఎదురు సమస్య, వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏ చెక్క ఆరింది, ఏది ఇంకా పచ్చిగా ఉంది, చేవ ఎంతవరకు ఉంది, నార ఎటు నడుస్తోంది, ఏ ముక్క రేపు మెలి తిరుగుతుంది అన్నవి నాన్నగారు పలకను ఒకసారి చేతిలో తిప్పి చెప్పేస్తారు. చిత్రిక పట్టి, పలకను కంటి ఎత్తుకు తెచ్చి, ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తారే, ఈ యంత్రానికి అన్నిటికంటే ముందు కావలసింది ఆ చూపే. మిగతాది నేర్చుకోవచ్చు. నేను ఇక్కడ ఆ ఒక్కటి లేక ఎన్ని పలకలు పాడుచేశానో లెక్కలేదు.

యంత్రం వచ్చాక మొదటి వారం బిట్టు పెట్టకు. దాని స్థానంలో ఒక బాల్‌పెన్ను కట్టి, కాగితం మీద 160 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం గీయించు. మూల నుంచి మూలకు కొలిస్తే సరిగ్గా 200 రావాలి. పునాది గీసేటప్పుడు మేస్త్రీలు తాడుతో వేసే మూడు, నాలుగు, ఐదు లెక్కే ఇది. రెండు కర్ణాలు సమానంగా రాకపోతే యంత్రం చట్రం మూలమట్టంలో లేదన్నమాట, మరలు వదులు చేసి సరిచేసి మళ్లీ బిగించాలి. ఆ తరువాత బల్ల మీద ఒక ఎండీఎఫ్ పలక (చెక్క నారను జిగురుతో నొక్కి చేసినది) బిగించు. ఇక్కడివారు దాన్ని స్పాయిల్‌బోర్డు అంటారు, చెక్క అడుగున ఉండి బిట్టు దెబ్బలన్నీ అదే తింటుంది. వెడల్పాటి బిట్టుతో ఆ పలక పైభాగాన్నంతా యంత్రం చేతనే అర మిల్లీమీటరు మేర చెక్కించేస్తే, అది యంత్రం నడకకు సరిగ్గా సమాంతరమవుతుంది. దాని మీద పెట్టిన నాన్నగారి పలక కూడా అప్పుడే నిజంగా మట్టంగా కూర్చుంటుంది. చెక్క పైభాగం ఏ ఎత్తులో ఉందో యంత్రానికి చూపడానికి మొదట్లో కాగితం పద్ధతి చాలు. బిట్టు కింద మామూలు కాగితం పెట్టి కదుపుతూ, పదో వంతు మిల్లీమీటరు చొప్పున దించుతూ రా. కాగితం పట్టుకుపోయిన చోట బిట్టు చెక్కకు కాగితం మందమంత పైన ఉన్నట్టు, ఆ మందం సుమారు పదో వంతు మిల్లీమీటరు.

తెలుగు అక్షరాల గురించి నీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చెక్కుడు దారిని తయారుచేసే చాలా సాఫ్ట్‌వేర్లలో తెలుగు నేరుగా టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, గుణింతాలు చెదిరిపోతాయి. అందువల్ల ముందు ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో పేరు రాసి, దాన్ని అక్షరంగా కాక గీతగా మార్చి, ఎస్‌వీజీ అనే గీతల బొమ్మ ఫైలుగా దాచుకుని, అప్పుడు రెండో సాఫ్ట్‌వేరుకు ఇవ్వాలి. గీతగా మార్చాక ఒకసారి పెద్దది చేసి, క్షకారం, ఋకారం ఉన్నచోట్ల గీత మీద గీత పడిందేమో చూసుకో. రామభద్ర వంటి లావుపాటి ఉచిత ఫాంటు పలకలకు బాగుంటుంది, సన్నని ఫాంటులో ఒత్తుల లోపలి ఖాళీ బిట్టుకు చాలదు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో నిలువు గీతలు, అడ్డగీతలు ఎక్కువ. మన అక్షరాలు అంతా వంపులే. ఆ వంపును సాఫ్ట్‌వేరు చాలాసార్లు వందల చిన్న చిన్న సరళరేఖలుగా విడగొట్టి, ఇక్కడి నుంచి ఇక్కడికి జరుగు అని ఒక్కొక్క పంక్తిగా యంత్రానికి చెబుతుంది. ఈ ఆలోచన పుట్టినది మా రాష్ట్రంలోనే. ఇక్కడి ట్రావెర్స్ సిటీలో హెలికాప్టరు రెక్కలు తయారుచేసిన జాన్ పార్సన్స్, వంపును బిందువుల పట్టికగా రాసి యంత్రానికి ఇవ్వాలని తలపెట్టాడు. ఆ దారిలో సాగిన పని నుంచే 1952లో ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రంధ్రాల టేపును చదివి నడిచే మిల్లింగు యంత్రాన్ని చేసి చూపించారు. అమ్మ పేరులోని మకారం కొమ్ము దగ్గర బిట్టు నెమ్మదిగా తిరగడం చూసిన ప్రతిసారీ నాకు ఆ రెక్కల వంపు గుర్తుకొస్తుంది.

బిట్టు వేగం విషయంలో కొత్తవాళ్లందరూ ఒకే పొరపాటు చేస్తారు, భయపడి మరీ నెమ్మదిగా నడుపుతారు. నెమ్మదిగా నడిస్తే బిట్టు కోయదు, రాసుకుంటుంది, చెక్క నల్లగా మాడుతుంది, బిట్టు పదును పోతుంది. లెక్క తేలికే. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రెండు పళ్ల బిట్టును నిమిషానికి 800 మిల్లీమీటర్లు నడిపితే ఒక్కో పన్ను 0.04 మిల్లీమీటరు మందం పొట్టు తీస్తుంది. లోతు మాత్రం ఒక్కసారిగా దించకూడదు, టేకు మీద ఇంత చిన్న యంత్రానికి ఒక పొరకు అర మిల్లీమీటరుతో మొదలుపెట్టు. చేతిలోకి తీసుకుంటే పొట్టు చిన్న రేకుల్లా ఉండాలి, పిండిలా ఉంటే నెమ్మదైందని అర్థం. చప్పుడు కూడా విను. రంపం చప్పుడు మారగానే పక్క గదిలో ఉన్న నాన్నగారు "మేకు తగిలిందిరా" అని కేక వేసేవారు, నీకు గుర్తుందా? అదే చెవి ఇక్కడా కావాలి.

మన షెడ్డులో కరెంటు పోతుంది కాబట్టి ఇంకొక మాట. లాప్‌టాపుకు బ్యాటరీ ఉంటుంది, యంత్రానికి ఉండదు. పని మధ్యలో కరెంటు పోతే యంత్రం తానెక్కడుందో మరచిపోతుంది. అందుకని చివరల్లో లిమిట్ స్విచ్చులు (అంచుకు చేరగానే యంత్రానికి తెలిపే మీటలు) ఉన్న యంత్రమే తీసుకో. అవి ఉంటే కరెంటు వచ్చాక యంత్రం మూలకు వెళ్లి తన చోటు తానే గుర్తుపడుతుంది, ఆగిన చోటి నుంచి పనిని నువ్వు మళ్లీ మొదలుపెట్టవచ్చు.

దుమ్ము సంగతి మాత్రం నా మాటగా నాన్నగారికి కూడా చదివి వినిపించు. చెక్క దుమ్ము క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే తేల్చింది. ఉలి నుంచి రాలే పొట్టు నేల మీద పడుతుంది, ఈ బిట్టు తీసే సన్నని దుమ్ము గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఎండీఎఫ్ దుమ్ము మరీ సన్నం. యంత్రానికి పెట్టే డబ్బులో సగమంత విడిగా ఉంచి, వాక్యూమ్ క్లీనరు, ఎన్95 మాస్కులు, కళ్లద్దాలు, నాలుగు మంచి బిట్లు కొను. యంత్రంతో పాటు ఇచ్చే బిట్లను నమ్ముకోవద్దు, నాకు వచ్చిన పదింటిలో మూడు మొదటి రోజే విరిగాయి. తిరిగే బిట్టు దగ్గర చేతి తొడుగులు వేసుకోకు, మెడలో తువ్వాలు ఉంచుకోకు. అది నడుస్తుండగా టీకి కూడా బయటికి వెళ్లకు. బిట్టు ఒకే చోట ఇరుక్కుని తిరిగితే నిప్పురవ్వ పుడుతుంది, దాన్ని వాక్యూమ్ లాక్కుంటే లోపలి పొట్టంతా అంటుకుంటుంది. నాన్నగారి దగ్గు ఫోనులో విన్నప్పుడల్లా నాకు మనసు కలతగా ఉంటుంది, మాస్కు విషయంలో ఆయన వద్దన్నా నువ్వు పట్టుబట్టాలి.

నేను మే నెలలో వస్తున్నాను. నాకు బాగా పని చేసిన వి-బిట్లు, ఎత్తు కొలిచే చిన్న పలక తెస్తాను, నువ్వు వాటిని కొనవద్దు. ఈలోగా షెడ్డులో ఉత్తరం గోడ వైపు బల్ల కాళ్లు ఊగకుండా బిగించి, రసమట్టం పెట్టి చూసి ఉంచు. నాన్నగారిని అడిగి, పాత ద్వారబంధం విప్పినప్పుడు దాచిన టేకులోంచి ఒకే దూలానివి రెండు పలకలు, 25 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం, ఆయన చేత్తోనే చిత్రిక పట్టి ఉంచమని చెప్పు. ఒకటి చేయి తిరగడానికి. రెండో దాని మీద అమ్మ పేరు ముగ్గురం కలిసి చెక్కుదాము.

అమ్మకు, నాన్నగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
అన్నయ్య