ఎస్‌ఈలినక్స్‌ను ఆపేయమని రాయకండి

సంపాదకులకు,

లినక్స్ సర్వర్‌లో ఏదైనా సాఫ్ట్‌వేర్ ఎలా పెట్టుకోవాలో చెప్పే వ్యాసాలు చాలావరకు ‘ముందు ఎస్‌ఈలినక్స్ ఆపేయండి’ అని మొదలవుతాయి. ఎస్‌ఈలినక్స్ అంటే ఏ ప్రోగ్రామ్ దేన్ని తాకవచ్చో కెర్నల్ (లినక్స్ మూలభాగం) స్థాయిలోనే నియంత్రించే భద్రతా వ్యవస్థ. దాన్ని ఆపితే సర్వర్‌కు ఉన్న గట్టి కట్టడి ఒకటి పోతుంది.

మామూలు ఫైలు అనుమతులు రూట్‌ను (సర్వాధికారాలున్న ఖాతాను) ఆపవు. ఎస్‌ఈలినక్స్ దారి వేరు. ప్రతి ప్రాసెస్‌కూ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కూ), ప్రతి ఫైలుకూ ఒక లేబుల్ ఉంటుంది. ఏ లేబుల్ దేన్ని తాకవచ్చో పాలసీలో (నియమావళిలో) ఉంటేనే కెర్నల్ ఒప్పుకుంటుంది, లేనిదంతా నిషేధం. వెబ్ సర్వర్‌లోని లోపం పట్టుకుని ఎవరైనా లోపలికి దూరి, ఆ ప్రాసెస్‌లో రూట్ అయినా, షాడో ఫైలులోని పాస్‌వర్డ్ హాష్‌లు చదవలేరు. 2014 నాటి ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లలోనూ ఇది పూర్తిగా అమల్లో ఉంది.

సైటు తెరుచుకోకపోతే తప్పు చాలాసార్లు పాలసీది కాదు, లేబుల్‌ది. హోమ్ డైరెక్టరీలో తయారైన పేజీని ‘ఎంవీ’ ఆదేశంతో వెబ్ ఫోల్డర్‌లోకి జరిపితే పాత లేబుల్ కూడా వెంట వస్తుంది. అప్పుడు 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చినా 403 (ప్రవేశం లేదు) ఎర్రర్ పోదు. ‘సీపీ’తో నకలు చేస్తే కొత్త చోటి లేబుల్ పడుతుంది. జరిపేసినదాన్ని ‘రీస్టోర్‌కాన్’ సరిచేస్తుంది. సైటును వేరే డైరెక్టరీలో పెడితే ముందు ‘సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’తో ఆ దారిని నమోదు చేసి, ఆ తర్వాత రీస్టోర్‌కాన్ నడపాలి. ‘సీహెచ్‌కాన్’తో పెట్టిన లేబుల్ నిలవదు, రీలేబుల్ (లేబుళ్లు మళ్లీ వేయడం) జరగగానే పోతుంది. ప్రాక్సీగా పెట్టిన ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ 502 (వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదు) ఎర్రర్ చూపిస్తే ‘హెచ్‌టీటీపీడీ_కెన్_నెట్‌వర్క్_కనెక్ట్’ బూలియన్ (పాలసీలోని ఆన్-ఆఫ్ స్విచ్) చూడండి. దాన్ని మార్చే ‘సెట్‌ఎస్‌ఈబూల్’కు పెద్ద పీ (-P) జోడించకపోతే రీబూట్‌తో మళ్లీ మొదటికొస్తుంది.

ఏది అడ్డుపడిందో ‘ఆసెర్చ్’తో ఏవీసీ (నిరాకరణల) నమోదుల్లో దొరుకుతుంది. అది చూడకుండా ‘ఆడిట్2అలౌ’ (నిరాకరణల నుంచి అనుమతి రూలు రాసిచ్చే సాధనం) ఇచ్చిన రూలు ఎక్కించడం పెద్ద పొరపాటు. దానికి తప్పు లేబుల్ ఏదో, సరైనదేదో తెలియదు. ఒక్క పేజీ కోసం అది రాసిచ్చే రూలు హోమ్ డైరెక్టరీల్లో అదే లేబుల్ ఉన్న ఫైళ్లన్నిటికీ వర్తిస్తుంది.

తప్పనిసరై సడలించాలంటే ‘సెమేనేజ్ పర్మిసివ్’తో ఆ ఒక్క డొమైన్‌నే (ఆ ప్రాసెస్ లేబుల్‌నే) సడలించండి. నిరాకరణలు లాగ్‌లో పడుతూనే ఉంటాయి, మిగతా వ్యవస్థ కట్టడిలోనే ఉంటుంది. యాప్‌ఆర్మర్ (ఇలాంటిదే మరో భద్రతా వ్యవస్థ) వాడేవారికి ‘ఏఏ-కంప్లెయిన్’ ఇదే పని చేస్తుంది, కాకపోతే అది లేబుళ్లను కాక ఫైలు దారులను చూస్తుంది.

పూర్తిగా ఆపినప్పుడు పుట్టిన ఫైళ్లకు లేబుళ్లే ఉండవు. నేరుగా ఎన్‌ఫోర్సింగ్‌కు (నియమాలు అమలయ్యే స్థితికి) మారిస్తే సర్వర్ బూట్ కాకపోవచ్చు. ముందు పర్మిసివ్‌లో (అడ్డుకోకుండా నమోదు మాత్రమే చేసే స్థితిలో) పెట్టి, రూట్ డైరెక్టరీలో (/) ‘.ఆటోరీలేబుల్’ అనే ఖాళీ ఫైలు సృష్టించి, రీబూట్ చేసి, లాగ్ చూశాకే ఎన్‌ఫోర్సింగ్‌కు వెళ్లాలి. డిస్కు పెద్దదైతే రీలేబుల్‌కు చాలాసేపు పడుతుంది. మధ్యలో పవర్ తీయకండి.

వ్యాసకర్తలకు మా విన్నపం: ‘ఆపేయండి’ అనే వాక్యం ఉన్నచోట, మీ సాఫ్ట్‌వేర్‌కు ఏ పోర్టు, ఏ డైరెక్టరీ, ఏ బూలియన్ కావాలో రాయండి.

ఇట్లు,
లినక్స్ సర్వర్ల నిర్వాహకులు