మా ప్రొజెక్టర్ మళ్లీ తిరుగుతోంది, అందరికీ కృతజ్ఞతలు

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పాత సినిమా ప్రొజెక్టర్ విడిభాగాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడగగానే నా కోసం వెతికిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా నాన్నగారు టూరింగ్ టాకీసులో ఆపరేటర్‌గా నడిపిన 35 ఎం.ఎం. ప్రొజెక్టర్ ఈ వారం గోడ మీద మళ్లీ బొమ్మ వేసింది.

అది మూలపడడానికి కారణం 16 పళ్లున్న ఒక చిన్న స్ప్రాకెట్, అంటే ఫిల్మును లాగే పళ్ల చక్రం. చూసేవాళ్లకు బొమ్మ సాఫీగా కదిలినట్టే ఉంటుంది గానీ, లెన్సు వెనక ఫిల్ము నిలిచే గేటులో అది ఆగి ఆగి నడుస్తుంది. నాలుగు గాడులున్న శిలువ చక్రం పావు చుట్టు తిరిగినప్పుడల్లా ఈ స్ప్రాకెట్ నాలుగు పళ్ల మేర కదిలి ఒక్క ఫ్రేమును కిందికి లాగుతుంది. ఇలా సెకనుకు 24 సార్లు. పళ్లు అరిగి కొక్కేల్లా తయారైతే ఫిల్ము అంచు రంధ్రాలు చిరిగిపోతాయి. నాన్నగారు అప్పట్లోనే దాన్ని తిరగేసి బిగించి రెండో వైపు కూడా వాడేశారు. ఇక మార్చడం తప్ప మార్గం లేదు.

లేతు మీద కొత్తది చేయించమని చాలామంది అన్నారు. వద్దని గట్టిగా ఆపింది పలమనేరులోని ఒక ఆపరేటర్‌గారు. "పంటికీ పంటికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా తెర మీద బొమ్మ ఎగురుతుంది బాబూ, కంపెనీ స్ప్రాకెట్ దొరికేదాకా ఓపిక పట్టు" అన్నారు. ఆ ఒక్క మాట నా దగ్గరున్న నాలుగు రీళ్లనూ కాపాడింది.

ఆ స్ప్రాకెట్ పుత్తూరులో ఒక అమ్మగారి ఇంట్లో దొరికింది. థియేటర్లు డిజిటల్‌కు మారినప్పుడు మిగతా యంత్రాన్ని తూకానికి అమ్మేసినా, భర్త చేతి మీద నడిచిన ప్రొజెక్టర్ హెడ్‌ను (ఫిల్ము నడిచే భాగాన్ని) మాత్రం ఆమె గోనెపట్టా చుట్టి అటక మీద దాచారు. ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు. "పనికొచ్చే చోటికి పోనీ నాయనా" అన్నారు. అమ్మా, మీ రుణం తీర్చలేనిది.

ఆ హెడ్ నుంచి స్ప్రాకెట్‌ను ఊడదీయడం ఇంకో ఎత్తు. షాఫ్టుకు బిగించిన సన్నని పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. తిరుపతి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పిన్ను సన్నటి కొస ఏ వైపుందో భూతద్దంతో చూసుకున్నారు. షాఫ్టు కింద చెక్క దిమ్మె ఆనించి, ఇత్తడి కడ్డీ పెట్టి నెమ్మదిగా తట్టారు. సుత్తి ఎత్తిన ప్రతిసారీ నా ఊపిరి ఆగింది. పిన్ను బయటికొచ్చాక దాన్ని అరచేతిలో పెట్టి, "పారేయకు, ఇదే మళ్లీ వాడాలి" అన్నారు. కూలి మాట ఎత్తితే కోప్పడ్డారు.

సౌండుకు కావలసిన ఎక్సైటర్ ల్యాంపును చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక కొట్టు యజమాని పాత సరుకంతా తిరగేసి ఇచ్చారు. ఆయనకూ నా ధన్యవాదాలు.

పుత్తూరు హెడ్‌లో గేటు, కింది స్ప్రాకెట్లు, రోలర్లు, ఒక లెన్సు ఇంకా బాగున్నాయి. అమ్మగారి అనుమతితోనే చెబుతున్నాను: పాత ప్రొజెక్టర్‌ను బతికించుకోవాలనుకునేవారు ఎవరైనా నాకు రాయండి. సరిపోయిన భాగం ఏదైనా ఉచితంగా ఇస్తాను, బిగించడానికి నేనూ వస్తాను.