జావా సముద్రానికి తగిన నౌకాదళం

సంపాదకులకు నమస్కారం.

డచ్ ఈస్టిండీస్‌కు (నేటి ఇండోనేషియాకు) మెరుగైన నౌకాదళం ఉండి ఉంటే ఏమయ్యేదని ఊహించే చరిత్రాభిమానులు, 1940లో నెదర్లాండ్స్‌ను జర్మనీ ఆక్రమించడంతో కాగితాల మీదే ఆగిపోయిన మూడు యుద్ధ క్రూయిజర్లను (భారీ యుద్ధనౌకలను) మొదట లెక్కలోకి తీసుకుంటారు. అది సరికాదని నా దృఢాభిప్రాయం. వేల దీవుల నడుమ ఇరుకైన జలసంధుల్లో, బోర్నియో, పాలెంబాంగ్‌ల చమురు కోసం ఆ దారినే రాక తప్పని జపాన్ రవాణా నౌకలు జలాంతర్గాములకే అనువైన లక్ష్యాలు. 1941 డిసెంబరు 24న డచ్ జలాంతర్గామి కె-16 బోర్నియోలోని సరవాక్ తీరాన సగిరి అనే జపాన్ డిస్ట్రాయర్‌ను (వేగవంతమైన యుద్ధనౌకను) ముంచి ఈ సంగతి రుజువు చేసింది. మరునాడే జపాన్ జలాంతర్గామి చేతిలో, నావికులందరితో సహా, కె-16 కూడా మునిగిపోవడం విషాదం. రెండు నెలలకు జావా సముద్ర యుద్ధంలో డచ్ రియర్ అడ్మిరల్ డోర్మన్ నడిపిన డి రాయ్టర్, జావా అనే క్రూయిజర్లు కూడా టార్పెడోలకే బలయ్యాయి. కనుక ప్రత్యామ్నాయ నౌకాదళాన్ని రూపొందించేవారు 1940 నుంచి కాక, జలాంతర్గాములతో సహా నౌకాదళాన్ని పెంచే బిల్లు డచ్ పార్లమెంటులో ఒక్క ఓటు తేడాతో వీగిపోయిన 1923 నుంచి మొదలుపెట్టాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు